రహీం సాబ్ పోలీసులు

2024 జనవరి 13న ఖతార్‌లోని అల్ రయ్యాన్ పట్టణంలో, అహ్మద్ బిన్ అలీ స్టేడియంలో భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా కప్పులో ఆస్ట్రేలియాతో తలపడింది. ముప్ఫై అయిదు వేల పైచిలుకు ప్రేక్షకుల్లో అత్యధికులు భారతీయులు. మలయాళీలు డప్పులతో వచ్చారు. మొదటి సగం గోలు లేకుండా గడిచింది. రెండవ సగంలో ఆస్ట్రేలియా రెండు గోళ్ళు చేసి గెలిచింది. తరువాత ఉజ్బెకిస్తాన్ మూడు గోళ్ళతో, సిరియా ఒక గోలుతో ఓడించాయి. మూడు ఆటల్లోనూ భారత జట్టు ఒక్క గోలైనా చేయకుండానే ఇంటిదారి పట్టింది. అంతకు పదమూడేళ్ళ ముందు, 2011లో, ఇదే దోహాలో ఇదే కప్పులో ఇదే ఆస్ట్రేలియా చేతిలో 4–0 తేడాతో ఓడిన జ్ఞాపకం ఉన్నవారికి ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు.

ఆశ్చర్యపడవలసింది మరొక లెక్క చూసినప్పుడు. 1956 డిసెంబరు 1న మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, ఆస్ట్రేలియా సొంత గడ్డ మీద, భారత జట్టు ఆ దేశాన్ని 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోళ్ళు చేశాడు. ఒలింపిక్స్‌లో ఒక ఆసియా ఆటగాడు అలా చేయడం అదే మొదటిసారి. ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. జట్టులో హైదరాబాదు, సికింద్రాబాదుల నుంచి వచ్చినవారు అరడజనుకు తక్కువ లేరు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికర్, తులసీదాస్ బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ వారిలో కొందరు. 2024లో దోహాకు వచ్చిన జట్టులో తెలుగునేల నుంచి ఒక్కడూ లేడు.

ఈ రెండు జట్ల మధ్య ఒక క్లబ్బు పుట్టి, పెరిగి, మాయమైంది. దాని పేరు హైదరాబాదు సిటీ పోలీసు.

హైదరాబాదుకు ఫుట్‌బాల్ దండుతో వచ్చింది. సికింద్రాబాదు కంటోన్మెంటు, తిరుమలగిరి, బొల్లారంలలో తెల్ల పటాలాలు ఆడుతుంటే, వాటిని అంటిపెట్టుకుని బతికిన తమిళ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పిల్లలు చూసి నేర్చుకున్నారు. మూసీకి ఇవతల పాతనగరంలో ఉర్దూ బడుల పిల్లలు, కళాశాలల పూర్వ విద్యార్థుల సంఘాలు ఆటను తమదిగా చేసుకున్నారు. ఈ రెండు ధారలూ కలిసిన చోటు నగర పోలీసు శాఖ. 1930ల చివర ఆ శాఖ ఒక జట్టును నిలబెట్టింది. ఆట బాగా ఆడేవాడికి కొలువు ఇవ్వడం, కొలువులో ఉన్నవాడి చేత ఆట ఆడించడం దాని పద్ధతి.

ఈ పద్ధతి హైదరాబాదుకే ప్రత్యేకం కాదు. దీన్ని పరాకాష్ఠకు తీసుకువెళ్ళినది సోవియట్ రష్యా. 1923లో అక్కడి రహస్య పోలీసు శాఖ నీడన డైనమో క్రీడా సంఘం పుట్టింది. సైన్యానికి వేరే సంఘం ఉండేది. నేటికీ సీఎస్‌కేఏ పేరుతో ప్రపంచానికి తెలిసినది అదే. కెనడా పద్ధతి ఐస్ హాకీ సోవియట్ దేశంలో 1946లో మాత్రమే మొదలైంది. మొదటి జాతీయ పోటీని డైనమో మాస్కో గెలిచింది. ఆ తరువాత నాలుగున్నర దశాబ్దాల్లో సైన్యపు జట్టు 32 సార్లు విజేత అయింది. ఆటగాళ్ళు కాగితం మీద సైనికాధికారులు, పోలీసు అధికారులు, జీతం శాఖది, పని ఆట. అందుకే ఒలింపిక్స్‌కు వచ్చేసరికి వీరంతా ‘అమెచ్యూర్లు’. ప్రపంచం గొప్ప గోల్‌కీపరుగా ఎరిగిన లెవ్ యాషిన్ డైనమో మనిషే. ఫుట్‌బాల్‌లో స్థిరపడకముందు ఆయన అదే సంఘానికి ఐస్ హాకీలో కూడా గోలు కాచి 1953లో సోవియట్ కప్పు గెలిచాడు. 1956 మెల్‌బోర్న్‌లో భారత జట్టు నాలుగవ స్థానంతో తిరిగి వచ్చినప్పుడు బంగారు పతకం తీసుకున్న సోవియట్ జట్టుకు గోలు కాచినదీ ఆయనే.

సైన్యపు హాకీ జట్టును పాతికేళ్ళకు పైగా తీర్చిదిద్దిన అనతోలీ తరాసోవ్‌కు మొదట్లో కృత్రిమ మంచు మైదానమైనా లేదు. వేసవి వస్తే నేల మీద పరుగులు, బరువులు, దొర్లడాలు, గెంతడాలు పెట్టించి, మంచు లేకుండానే మంచు ఆటను నేర్పాడు. కెనడావారిని అనుకరించకుండా తనదైన పద్ధతిని కల్పించుకున్నాడు. సరిగ్గా అదే కాలంలో హైదరాబాదులో రహీం చేస్తున్న పని ఇదే. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలిసే అవకాశమే లేదు.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియా పట్టభద్రుడు. కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పాడు. 1940లలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో పోలీసు జట్టు శిక్షణ చేపట్టాడు. అందరూ ఆయనను రహీం సాబ్ అనేవారు. స్వభావంలో ఆయన చివరివరకూ బడిపంతులే. పంతులుకు తెలిసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది: పిల్లవాడికి ఏది రాదో కనిపెట్టి, దానినే పదేపదే చేయించాలి. ఆ రోజుల్లో మన ఆటగాళ్ళకు బంతిని కాలికి అంటించుకుని నలుగురిని తప్పించి పోవడం మోజు. చూడ్డానికి బాగుంటుంది, జనం ఈలలు వేస్తారు, గోలు మాత్రం పడదు. రహీం కుర్రవాళ్ళకు ‘డ్రిబ్లింగ్ నిషిద్ధం’ అనే నిబంధనతో పోటీలు పెట్టాడు. బంతి వచ్చిందా, ఇచ్చెయ్యాలి. కుడికాలి వాటం ఉన్నవారంతా ఎడమకాలితోనే తన్నాలనే పోటీలు కూడా పెట్టాడు. ఇవి వినడానికి పిల్లల ఆటల్లా ఉంటాయి. వీటి ఫలితం పదేళ్ళ తరువాత ఒలింపిక్స్‌లో కనిపించింది. హంగరీ జట్టు చూపిన కొత్త వ్యూహాన్ని, అంటే ముందువరుస మధ్యలోని ఫార్వర్డ్ వెనక్కి జారి ఆట అల్లే పద్ధతిని, ఆయన మన దేశంలో అందరికంటే ముందే పట్టుకున్నాడు. 1958లో బ్రెజిల్ ప్రపంచానికి చూపిన 4–2–4 అమరికను కూడా ఆయన అప్పటికే ప్రయోగిస్తున్నాడు.

పోలీసు జట్టు విజయాలను వరసగా చెప్పుకుపోతే పట్టికలా ఉంటుంది. వాటి బరువు తెలియాలంటే 1950ని జ్ఞాపకం చేసుకోవాలి. దానికి రెండేళ్ళ ముందు, 1948 సెప్టెంబరులో, భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించింది. ప్రభుత్వం దానికి పెట్టుకున్న పేరు ‘పోలీసు చర్య’. నిజాం కాలపు ఉద్యోగుల్లో, ముఖ్యంగా ముస్లిముల్లో, చాలామంది కొలువులు పోగొట్టుకున్నారు. కొందరు కరాచీకి తరలిపోయారు. మిగిలినవారు తమ దేశభక్తిని ఎప్పటికప్పుడు రుజువు చేసుకోవలసిన స్థితిలో ఉన్నారు. అలాంటి నగరం నుంచి, అదీ పోలీసు దుస్తుల్లో, నూర్, మొయిన్, జమాల్, అజీజ్ అనే పేర్లున్న కుర్రవాళ్ళు బొంబాయి వెళ్ళి కూపరేజ్ మైదానంలో రోవర్స్ కప్పు గెలిచారు. అదే ఏడు ఢిల్లీ వెళ్ళారు. స్వతంత్ర భారతంలో జరిగిన మొదటి డ్యూరాండ్ కప్పు అది. అంతిమ పోటీలో ఎదుటిది మోహన్ బగాన్. 1911లో ఉత్తకాళ్ళతో తెల్ల పటాలాన్ని ఓడించి జాతీయోద్యమ కథల్లోకి ఎక్కిన జట్టు. మొదటి రోజు ఆట సమంగా ముగిసింది. పునఃపోటీలో పోలీసు జట్టు ఒక్క గోలుతో గెలిచింది. భారత యూనియన్‌లో హైదరాబాదు విలీనం గురించి ఎన్నో గ్రంథాలు వచ్చాయి. ఆ విలీనం ఇష్టపూర్వకంగా, చప్పట్ల మధ్య జరిగిన సందర్భాలు వెతికితే ఈ రెండు సాయంకాలాలను తప్పక లెక్కించాలి.

తరువాత ఆగలేదు. 1950, 51, 52, 53, 54: అయిదేళ్ళు వరసగా రోవర్స్ కప్పు హైదరాబాదుకు వచ్చింది. కలకత్తా మహా క్లబ్బులకు కూడా సాధ్యంకాని పని అది. 1954లో డ్యూరాండ్ మళ్ళీ వచ్చింది. 1957లో రోవర్స్, డ్యూరాండ్ రెండూ వచ్చాయి. డ్యూరాండ్ అంతిమ పోటీలో ఓడినది ఈస్ట్ బెంగాల్. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956లోనూ 1957లోనూ గెలిచింది. రాష్ట్రాల పునర్విభజన తరువాత, 1950ల చివర, జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీసు అయింది. ఆ పేరుతో 1960, 1963లలో రోవర్స్, 1961లో డ్యూరాండ్ గెలిచింది. 1962 రోవర్స్‌ను ఈస్ట్ బెంగాల్‌తో పంచుకుంది.

ఇంత గెలుపు వెనుక డబ్బు లేదు. ఉన్నది కొలువు. దీన్ని చిన్నచూపు చూడకూడదు. ఫుట్‌బాల్ ఆటగాడి వృత్తిజీవితం ముప్ఫై ఏళ్ళు దాటితే ముగిసినట్టే. మోకాలి స్నాయువు ఒకటి తెగితే ఇరవై రెండేళ్ళకే ముగియవచ్చు. ఆ కాలంలో దానికి సరైన శస్త్రచికిత్స కూడా లేదు. బీదింటి కుర్రవాడికి పోలీసు ఉద్యోగమంటే నెలజీతం, ఆసుపత్రి, చివర పింఛను. ఆటకు అది బీమా.

బలరాం ఉదంతం ఇక్కడ చెప్పుకోవాలి. 1936లో సికింద్రాబాదు అమ్ముగూడలో ఒక బీద తమిళ కుటుంబంలో పుట్టాడు. అతని ఆట రహీం కంటపడింది. శిక్షణకు రమ్మంటే, అంతదూరం రావడానికి దారి లేదన్నాడు. అద్దె సైకిలుకు డబ్బులు రహీం తన జేబులోంచి ఇచ్చిన సంగతి బలరాం జీవితాంతం చెప్పుకున్నాడు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రవాడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోళ్ళు చేశాడు. అయితే అప్పటికే అతను హైదరాబాదువాడు కాడు. 1957లోనే ఈస్ట్ బెంగాల్ తీసుకుపోయింది. ఇక్కడే శాఖల జట్టు బలహీనత బయటపడుతుంది. మాస్కోలో సైన్యపు జట్టు తనకు కావలసిన ఆటగాడిని సైన్యంలో భర్తీ చేసుకుని ఎక్కడి నుంచైనా లాక్కునేది. హైదరాబాదులో జరిగింది దీనికి తలకిందులు. పోలీసు శాఖ కుర్రవాళ్ళను తయారుచేసేది. కలకత్తా డబ్బు వారిని తీసుకుపోయేది. తరువాతి తరంలో నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ అందరూ అదే దారి పట్టారు. కలకత్తాలో ‘బడే మియా’గా పూజలందుకున్న హబీబ్ పుట్టింది హైదరాబాదులో అన్న సంగతి హైదరాబాదులోనే చాలామందికి తెలియదు.

1962 సెప్టెంబరు 4. జకార్తా ఆసియా క్రీడల అంతిమ పోటీ. సోవియట్ సాయంతో కట్టిన కొత్త స్టేడియంలో లక్షమంది దాకా జనం. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి సోంధీ తప్పుపట్టినందుకు ఆ జనమంతా భారత జట్టు మీద మండిపడుతున్నారు. దక్షిణ కొరియాను భారత్ 2–1తో ఓడించింది. గోళ్ళు పి.కె. బెనర్జీవి, తలకు కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్‌వి. గోలు కాచినది తంగరాజ్, ముందువరుసలో బలరాం, ఆంధ్ర పోలీసు నుంచి యూసుఫ్ ఖాన్. రహీంకు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆయన విపరీతంగా సిగరెట్లు కాల్చేవాడు. ఆ రోజుల్లో శిక్షకులూ వైద్యులూ కూడా అందరిముందూ కాల్చేవారు. సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని డాల్, హిల్ 1950లోనే, అంటే పోలీసు జట్టు మొదటి రోవర్స్ కప్పు గెలిచిన ఏడే, ప్రకటించారన్నది వేరే సంగతి. 1963 జూన్ 11న రహీం మరణించాడు. వయస్సు 53.

ఆ ఏడు రోవర్స్ కప్పు మరొకసారి వచ్చింది. పోలీసు జట్టుకు అదే చివరిది. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత ఈ నేలకు ఆ ట్రోఫీ మళ్ళీ రాలేదు. రహీం పోవడమే కారణమని సాధారణంగా అంటారు. అది సగం నిజం. ఒక మనిషి పోతే కూలిపోయేది సంస్థ ఎలా అవుతుందన్నది మిగతా సగం. శాఖకు ఆట ముఖ్య విధి కాదు. అభిమానించే అధికారి ఉన్నంతకాలం మైదానం ఉంటుంది, కొలువులు ఉంటాయి. బదిలీ మీద మరొకరు వస్తే ఖర్చు కనబడుతుంది. క్లబ్బుకు సభ్యులు లేరు, చందాదారులు లేరు, ‘ఇది మాది’ అని వీధికెక్కే పేట లేదు. మోహన్ బగాన్ ఓడితే కలకత్తాలో వంట మానేసే ఇళ్ళుండేవి. పోలీసు జట్టు ఆగిపోతే అర్జీ పెట్టేవాడు లేడు.

ఆటగాళ్ళ శరీరాలు మాత్రం ఆ ఆటను మోస్తూనే ఉన్నాయి. బలరాంకు క్షయ సోకి ఇరవై ఏడేళ్ళు నిండకముందే ఆట ముగిసింది. శాఖా ఉద్యోగం, ఈసారి రైల్వేది, అతన్ని నిలబెట్టింది. యూసుఫ్ ఖాన్ చివరి సంవత్సరాలు పార్కిన్సన్ వ్యాధితో గడిచాయి. ఆడే రోజుల్లో తలకు పదేపదే తగిలిన దెబ్బలే కారణమని దగ్గరివారు నమ్మారు. ఒక మనిషి విషయంలో అలా తేల్చి చెప్పడం వైద్యశాస్త్రానికి సాధ్యం కాదు. కానీ 2019లో గ్లాస్గో పరిశోధకులు స్కాట్లండ్ మాజీ వృత్తి ఆటగాళ్ళు 7,676 మంది రికార్డులు పరిశీలించి, నాడీక్షీణ వ్యాధులతో వారు మరణించే అవకాశం ఇతరుల కంటే మూడున్నర రెట్లు ఎక్కువని చూపించారు. తడిస్తే రాయిలా బరువెక్కే తోలుబంతిని తలతో కొట్టిన తరం వారిది.

శాఖ చేయి వదిలిన ప్రతి జట్టూ చావాలని లేదు. 1991లో సోవియట్ యూనియన్ కూలినప్పుడు సైన్యపు హాకీ జట్టు దగ్గర ఆటగాళ్ళకు జీతాలివ్వడానికి డబ్బు లేదు. 1993లో అమెరికా నుంచి పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ యజమానులు వచ్చి వాటా కొన్నారు. ప్రేక్షకులను రప్పించడానికి మంచు మైదానంలోకి ఎలుగుబంట్లను సైతం దింపారు. తరాసోవ్ మైదానానికి అంతకంటే అవమానం ఊహించలేము. అయినా క్లబ్బు బతికింది. తరువాత చమురు సంస్థ నీడన చేరి 2019లో, 2022లో, 2023లో గగారిన్ కప్పు గెలిచింది. యజమాని మారాడు, దేశమే మారింది. పేరు, చొక్కా రంగు, అభిమాని మిగిలారు.

దోహాలోనూ ఇలాంటి కథ ఒకటుంది. అంతర్గత భద్రతా దళం 2009లో లేఖ్వియా అనే క్లబ్బును నిలబెట్టింది. అది ఖతార్ ప్రథమశ్రేణి పోటీలో అడుగుపెట్టిన మొదటి ఏడే విజేత అయింది. సైన్యానికి అల్ జైష్ ఉండేది. 2017లో రెండింటినీ కలిపి అల్ దుహైల్ చేశారు. పోలీసు, సైన్యం అనే పేర్లు పోయి ఒక పేట పేరు వచ్చింది. ఇది ప్రభుత్వ నిర్ణయమే, డబ్బూ ప్రభుత్వానిదే; అయినా శాఖ పేరు కంటే పేట పేరు ఎక్కువకాలం నిలుస్తుందని ఎవరో ఆలోచించారనిపిస్తుంది. హైదరాబాదులో ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. ఖతార్ ఫుట్‌బాల్ సంఘం ఏర్పడింది 1960లో. పోలీసు జట్టు అప్పటికి ఆరు రోవర్స్ కప్పులు గెలిచి ఉంది. ఆ ఖతార్ 2019లోనూ, 2024 ఫిబ్రవరిలో సొంత గడ్డ మీదా ఆసియా కప్పు ఎత్తింది.

తెలుగు పాఠకుడికి సంబంధించిన సంగతి ఒకటి మిగిలింది. పోలీసు చర్య మీద తెలుగులో కథలూ నవలలూ జ్ఞాపకాలూ ఉన్నాయి. పోలీసు జట్టు మీద చెప్పుకోదగినవి లేవు. ఆ జట్టు మాట్లాడింది దక్కనీ ఉర్దూ, కంటోన్మెంటు తమిళం, ఇంగ్లీషు. మొయిన్, పాట్రిక్, కన్నన్, యూసుఫ్. ఈ పేర్లలో తెలుగు చెవికి తనదిగా వినిపించేవి తక్కువ. 1956 తరువాత నగరం తెలుగు రాష్ట్రానికి రాజధాని అయినా, దాని మైదానపు జ్ఞాపకాన్ని తెలుగు సాహిత్యం వారసత్వంగా స్వీకరించలేదు. హైదరాబాదు ఆటగాళ్ళ గురించి ఓపికగా రాసినవాడు ఢిల్లీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నోవీ కపాడియా. 2017లో వచ్చిన ఆయన ‘బేర్‌ఫుట్ టు బూట్స్’ ఇంగ్లీషు పుస్తకం. 2024 ఏప్రిల్‌లో, దోహా ఓటమి జరిగిన మూడు నెలలకు, రహీం మీద ‘మైదాన్’ వచ్చింది. అది హిందీ సినిమా. అందులో ఉన్నది జాతీయ జట్టు కథ. పోలీసు జట్టుది కాదు.

2019లో పూణే నుంచి ఒక క్లబ్బు తరలివచ్చి హైదరాబాదు ఎఫ్‌సి అయింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. ఆ తరువాత అప్పులు, జీతాల బాకీలు. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది. నగరం ఈసారీ పెద్దగా గమనించలేదు.

బలరాం 2023 ఫిబ్రవరిలో, పుట్టిన ఊరికి దూరంగా, కలకత్తాలో కన్నుమూశాడు. అదే ఏడు ఆగస్టు 15న హబీబ్ హైదరాబాదులో పోయాడు. 1891లో బొంబాయిలో మొదలైన రోవర్స్ కప్పు 2001 తరువాత జరగలేదు. అందువల్ల వరసగా అయిదేళ్ళు దాన్ని గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు రికార్డు ఇప్పటికీ పుస్తకాల్లో అలాగే ఉంది.